ప్రవళిక చెప్పిన తారీఖు

నాకు కోపం ఎక్కువ. దాచుకునేదేం లేదు, మా వాడకట్టంత తెలుసు. మా ఆయన అంతయ్య సాంచెల, గదే కరెంటు మగ్గాల, చప్పుడుల ముప్పై ఏండ్లు పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నడు గని, నా గొంతు మాత్రం ఇప్పటికీ మంచిగనే ఇనపడుతదంటడు. గా నాడు గూడ గట్లనే లేచింది నా గొంతు. మెడికల్ షాపు దాక నడిచిపోయి, గోలీలు కొంగుల కట్టుకొని తెచ్చి కోడలి చేతుల పెడితే, "వద్దత్తమ్మా, నేను మింగ" అన్నది.

ఏం గోలీలంటే, డేటు జరిపే గోలీలు. మా సిరిసిల్ల ఆడోళ్లకు కొత్తవేం గావు. బతుకమ్మ ఉన్నా, లగ్గమున్నా, మొక్కున్నా, గా దినం బయట కూసునుడు ఎదురుపడొద్దని ముందుగాలనే మొదలువెట్టి మింగుతరు. చీటి ఉన్నదా అని అడిగేటోడు లేడు. నేను మింగిన, మాతోనే ఉండే నా ఆడిబిడ్డ దేవవ్వ మింగింది. కోడలొచ్చినంక ఆమెకు నేనే తెచ్చిచ్చిన. మంచే చేస్తున్న అనుకున్న.

ఇప్పుడు మొక్కు ధర్మపురి నరసింహస్వామికి. ఎందుకు మొక్కిన్నంటే, పిల్లల కోసమే. నా కొడుకు సాగర్ మస్కట్ల షటరింగ్ పని చేస్తడు. రెండేండ్లకోసారి నలభై దినాల సెలవిస్తరు. లగ్గమై నాలుగేండ్లయింది గని ఆలుమగలు కలిసున్న దినాలు ఎంచితే నూరు గూడ దాటయి. మార్చి అయిదున వచ్చిండు, ఏప్రిల్ పదమూడుకు ఫ్లయిటు. గీ నలభై దినాలల్ల నా కోడలు ప్రవళిక కడుపు పండాలె. గంతకు మించి ఇంట్ల ఎవ్వరికీ వేరే ఫికరు లేదు.

మరి ఆ పిల్లకా, నెలసరి నెలకు రాదు. ఒకపారి రెండు నెలలకొస్తది, ఒకపారి మూడు నెలలకు. వస్తే పది పన్నెండు దినాలు ఇడువది. బోథ్ దిక్కు పిల్ల. మా కులపోళ్లే గని మగ్గం మొఖం సూడనోళ్లు, పత్తి పండించుకుంట బతికేటోళ్లు. మరాఠోళ్ల పొరుగు గదా, తల్లిని ఆయి అని పిలుస్తది. మొదట్ల నేను ఆ మాటకు నవ్వేదాన్ని. నవ్వి ఊకోలే, ఇంకో మాట గూడ అన్న. ఒకనాడు దేవవ్వతోని మాట్లాడుకుంట, "ఎండిన చేనుల నుంచి తెచ్చుకున్నం పిల్లను" అన్న. తలుపెనుక ఆమె ఉన్నదని నాకు తెలవదు. ఇన్నదని గూడ శానా దినాలు తెలవదు.

సాగర్ రాకకు ఆరేడు నెలల ముంగట దవాఖానకు తోలుకపోయిన. మమతారాణి అని సన్నగ ఉంటది డాక్టరమ్మ, సప్పుడు జేయకుండ మాట్లాడుతది. నేను పోవుడు పోవుడే చెప్పిన, "నెలనెలా వచ్చేటట్టు గోలీలుంటయట గదా, మా పక్కింటి పిల్ల వాడుతున్నది, గవి రాయుండ్రి" అని. ఆమె నా దిక్కు చూడలే. ప్రవళికనే అడిగింది. తలనొప్పి వస్తదా అన్నది. వస్తదన్నది మా పిల్ల. వచ్చేముంగట ఏమన్న కనపడతదా అంటే, కండ్ల ముంగట మెరుపు గీతలు వంకర టింకర పోతయి, పావుగంటకు సగం తల పగులుతది అన్నది. నాలుగేండ్లు నా ఇంట్ల ఉన్నది, నాకు తెలవదు గా సంగతి. దినమంత మిషిన్ మీద కండెలు చుడుతది గదా, దారం చూసి చూసి కండ్లు గుంజుతున్నయేమో అనుకున్న.

"గట్ల మెరుపులు కనపడేటోళ్లకు ఆ గోలీలు ఇయ్యకూడదమ్మా" అన్నది డాక్టరమ్మ. "మెదడుల రక్తం గడ్డకట్టే భయముంటది. ఇంకోటి, అవి నెలనెలా రక్తమైతే తెప్పిస్తయి గని లోపల గుడ్డును నిద్రపుచ్చుతయి. పిల్లలు కావాలన్నోళ్లకు గవెట్ల ఇస్త?"

"మరి ఉత్త చేతులతోని పంపుతవా?" అన్న నేను.

ఆమె నవ్వలే, కోపం జేయలే. "వేరే ఏమన్న గోలీలు మింగుతున్నవా?" అని అడిగింది పిల్లను. ప్రవళిక తలకాయ వంచుకున్నది. మెల్లగ చెప్పింది. బతుకమ్మకు, ఎములాడ గుడికి పోయినప్పుడు, దేవవ్వ కొడుకు లగ్గానికి, వరలక్ష్మి పూజకు. ఏడాదిల ఏడుసార్లు. డాక్టరమ్మ పెన్ను పక్కకు పెట్టింది. "అసలే దారి దొరకని ఒళ్లు. దాని లెక్క అది పెట్టుకునేటందుకు సందు ఎక్కడిచ్చిండ్రమ్మా మీరు?" అన్నది. మీరు అన్నది గని చూసింది నన్నే.

రక్తం పరీక్ష చేసిండ్రు, స్కానింగ్ తీసిండ్రు. థైరాయిడ్ మంచిగనే ఉన్నదన్నరు. రక్తం తక్కువున్నది. గుడ్లుండే సంచిల సన్న సన్న బుడగలున్నయట, ఇప్పుడు శానామంది పిల్లలకు ఉంటున్నయట. పొద్దుగాల తొమ్మిదిలోపట కడుపునిండ తినాలె, రాత్రి షిఫ్టుకు పోవొద్దు, దినాం నలభై నిమిషాలు నడువాలె, రక్తం గోలీలు తప్పొద్దు. వచ్చిన దినం, ఆగిన దినం, మధ్యల ఒంట్ల కనపడే మార్పులు రాసుకోవాలె. మూడు నెలలు రాకున్నా, గంటకో గుడ్డ తడిసేటట్టు పోయినా, ఆగకుండ రావాలె. "ఆరు నెలలు గిట్ల చూద్దాం. గుడ్డు రాకుంటే అప్పుడు వేరే మందులున్నయి, పరేషాన్ కాకు" అన్నది.

వాపసు వచ్చుకుంట బస్సుల గొణిగిన. ఇంత దూరం పోతే తినుమని చెప్పి పంపింది, గిదొక వైద్యమా అని. కని తినుడు సంగతి నిజమే. మా ఇంట్ల ఆడోళ్లం పొద్దుగాల చాయ తాగితే మల్ల పన్నెండు దాటినంకనే బువ్వ. మా అత్త గట్లనే ఉన్నది, నేను గట్లనే ఉన్న. కోడలు పొద్దుగాల ఎనిమిదిన్నరకు జొన్నరొట్టె, పప్పు ముంగట పెట్టుకొని కూసుంటే నా కండ్లు మండినయి. మామ తినలే, అత్త తినలే, పని ముట్టలే. రెండు దినాలు చూసి మూడోదినం అననే అన్న. ఆ పిల్ల లేవలే. రెండో రొట్టె నా ముంగట పెట్టింది, "నువ్వు గూడ తినత్తమ్మా" అన్నది. కోపంతోనే తిన్న.

నెలలు గడిచినయి. డెబ్బై దినాలకొచ్చింది ఒకపారి. తర్వాత యాభై ఎనిమిదికి. తర్వాత నలభై ఆరుకు. పన్నెండు దినాలు పోయేది ఆరు దినాలకు ఆగబట్టింది. తలనొప్పి జర తగ్గింది. నాకు చెప్పలే ఆమె, నోటుబుక్కుల రాసుకున్నది. నేను ఆమె లేనప్పుడు తెరిచి చూసిన. తప్పే, అయినా చూసిన.

ఇగ సాగర్ వచ్చిండు. పదకొండు దినాలైనంక నేను మొక్కు సంగతి ఎత్తిన. మా ఇంట్ల మొక్కంటే పదకొండు దినాల నిష్ఠ. నీసు ముట్టరు, చాప మీద పంటరు, ఆలుమగలు ఎడంగ ఉండాలె. గట్ల ఉండి పోతేనే దేవుడింటడని మా అత్త చెప్పింది. మార్చి పదహారున నిష్ఠ మొదలు, ఇరవై ఏడున ధర్మపురి. మరి ప్రవళికకు డేటు ఎప్పుడొస్తదో ఎవ్వరికెరుక? గందుకే గోలీలు తెచ్చిన. డాక్టరమ్మ మాట గుర్తుకు లేదా అంటే, ఉన్నది. ఒక్కపారికి ఏమయితదిలే అనుకున్న. దేవుని పని గదా.

"మింగ" అన్నదని చెప్పిన గదా. "గది మింగితే ఇన్ని నెలల కష్టం మల్ల మొదటికొస్తదత్తమ్మా" అన్నది. నేను ఇల్లు ఎగిరేటట్టు ఒర్రిన. సాగర్ తల గోక్కున్నడు. చివరికి గోలీలు పక్కకు పడ్డయి గని నిష్ఠ మాత్రం ఆగలే. కొడుకును బాపు పక్కన పండవెట్టిన, కోడలును నా పక్కన. రెండర్రల ఇల్లు మాది. ఎవ్వరు ఎటు కదిలినా నాకు తెలుస్తది.

ఆరోదినం పొద్దుగాల కండెలు చుట్టుకుంట కూసున్న. ప్రవళిక వచ్చి మిషిన్ స్విచ్చి బందుపెట్టింది. నా మిషిన్ నేను తప్ప ఎవ్వరూ బందుపెట్టరు.

"ఒక మాట చెప్పాలె. తిట్టినా మంచిదే, ముందుగాల ఇను" అన్నది. కండ్లు వంచలే. "నిన్నటిసంది నాకు నీళ్లోలె అయితున్నది. ఇయ్యాల గుడ్డు తెల్లసొనోలె తీగ సాగుతున్నది."

"ఛీ, పొద్దుగాల పొద్దుగాల గివేం మాటలే" అన్న.

"డాక్టరమ్మ చెప్పిందత్తమ్మా. గట్ల అయిందంటే లోపల గుడ్డు బయటికొచ్చేటందుకు తయారయినట్టు. పోయిన రెండుసార్లు గూడ రాసుకున్న. తీగ సాగుడు ఆగిన కాడికెల్లి పదమూడు దినాలకు డేటొచ్చింది. గంతకు ముంగట ఎన్ని దినాలు ఆలస్యమైనా సరే, గా పదమూడు మాత్రం మారలే. ఇయ్యాల, రేపు, ఎల్లుండి. గంతే ఉన్నది నాకు. మల్ల ఎప్పుడొస్తదో తెలవదు. గప్పటికి ఆయన మస్కట్ల ఉంటడు."

"మరి మొక్కు?" అన్న.

"మొక్కు దేనికోసమత్తమ్మా?"

దారం తెగిన కండె చేతుల పట్టుకొని కూసున్న. నాకే సిగ్గయ్యేటట్టు ఒక మాట అడిగిన. "నాకు గూడ గట్ల ఉంటుండెనా?"

"అందరికీ ఉంటదత్తమ్మా."

ఉంటుండె. ఇప్పుడు యాదికొచ్చింది. నెలకోసారి గట్ల కనపడ్డప్పుడల్ల ఒంట్ల వేడి చేసిందనుకొని సబ్జా గింజలు నానవెట్టుకొని తాగిన. ముగ్గురు పిల్లల్ని కన్న, ఒకరిని మట్టిల పెట్టిన, ముప్పై అయిదేండ్లు నెలనెలా బయట కూసున్న. నా ఒళ్లు నెలనెలా నాకొక మాట చెప్పింది, నేను దాని నోట్ల సబ్జా నీళ్లు పోసిన. గా నిమిషం నా ఒళ్లు జల్లుమన్నది. భయం గాదు. పెద్దగుడిల గర్భగుడి తలుపు తీసినప్పుడు అయితది సూడుండ్రి, గట్ల.

కని దేవుడో? గదొక్కటి గుండెల గుచ్చుకున్నది. నిష్ఠ సగంల ఇడిస్తే కీడయితదని మా అత్త చెప్పిన మాట ఒక దిక్కు. మూడు దినాలన్న కోడలు మాట ఒక దిక్కు. మా అత్త మాటకు నేను ఏనాడూ రుజువు అడగలే. కోడలు మాటకు నోటుబుక్కు ఉన్నది, నేను దొంగతనంగ చదివిన నోటుబుక్కు. లేచిన. మొక్కిన నోరు నాది, ఆమెది గాదు. నిష్ఠ గూడ నేనే పట్టాలె గని ఆ పిల్లగాండ్ల మీద ఎందుకు రుద్దిన?

"బట్టలు సదురుకోండ్రి" అన్న అంతయ్యతోని, దేవవ్వతోని. "ధర్మపురి పోతున్నం. ఇప్పుడే."

"ఇరవై ఏడు గదా?" అన్నది దేవవ్వ. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గడప దాటుడంటే ఏడుపు. "పిల్లలు రారా?"

"రారు. మొక్కు నాది."

అంతయ్య నా దిక్కు చూసిండు, పిల్ల దిక్కు చూసిండు. సగం చెవుడున్నోడు గని సగం మాటతోనే మొత్తం అందుకుంటడు. దేవవ్వ సంచి తానే భుజానికేసుకున్నడు. సాగర్ అరుగు మీద కూసోని, "అవ్వా, ఎన్ని దినాలు?" అని అడిగిండు. "మూడు" అన్న, వాని మొఖం దిక్కు చూడకుండ. చెప్పులేసుకునేదాక నేనెవ్వరి మొఖం చూడలే.

జగిత్యాల బస్సు, గాడికెల్లి ధర్మపురి బస్సు. సత్రంల ఒక అర్ర దొరికింది. మార్చి నెల, గోదావరి సన్నబడ్డది, బండల మధ్యల పారుతున్నది. మోకాళ్ల దాక నీళ్లల్ల నిలవడి స్వామికి మాట చెప్పిన. "కొడుకు కోడలు రాలే. నిష్ఠ నేనే ఇడిపించిన, తప్పుంటే నా మీద వేసుకో. రేపటిసంది పదకొండు దినాలు నేనొక్కదాన్నే పడత." దర్శనానికి పోతే ఎప్పుడూ కోరికలు చదువుతుంటి. ఈసారి కోరిక నోటికి రాలే. ఎదురుంగ నిలవడి గదే సోచాయించుకుంట ఉన్న. నలభై దినాలకో అరవై దినాలకో వస్తది, దానికి తాడూ బొంగరం లేదని అందరం అనుకున్న ఒంట్ల, పదమూడు దినాల మాట ఒకటి తప్పకుండ నడుస్తున్నది. ఎవ్వరు పెట్టిండ్రు గా లెక్క? ఎవ్వరు చెప్పకున్నా, ఎవ్వరు ఇనకున్నా, లోపల గది నడుస్తనే ఉన్నది. నా కండ్లెంబడి నీళ్లు కారినయి. అంతయ్య తల నొస్తుందా అని అడిగిండు. లేదన్న.

మూడోనాడు ఇంటికొచ్చినం. నేనేం అడగలే. అడగకుండ ఉండుడు నాకెంత కష్టమో దేవునికెరుక. ప్రవళికే వచ్చి, "ఏప్రిల్ అయిదు అత్తమ్మా. ఒక దినం అటూ ఇటూ. గప్పటికి రాకుంటే పరీక్ష చేసుకోవాలె" అన్నది.

గా పదమూడు దినాలు నేనెట్ల గడిపిన్నో చెప్పలేను. చాప మీద పన్న, నీసు ముట్టలే. ఎన్ని కండెలు చుట్టిన్నో లెక్క లేదు. ఇన్నేండ్లు ఆ పిల్లకు డేటు తప్పిందని ఒక్కనాడూ ఆశపడలేకపోయినం, ఎందుకంటే తప్పేటందుకు ఒక తారీఖే లేదు. మూడు నెలలు రాకున్నా గది ఎప్పటి సంగతే అనుకున్నం. ఇప్పుడు మొదటిసారి ఆమెకొక తారీఖు ఉన్నది. ఏప్రిల్ నాలుగు పోయింది. రాలే. నేను రొట్టెలు చేసుకుంట చేతులు కాల్చుకున్న.

అయిదో తారీఖు పొద్దుగాల ప్రవళిక తానాలర్రల నుంచి బయటికొచ్చింది. గడప కాడ నిలవడ్డది. "వచ్చిందత్తమ్మా" అన్నది.

ఎనుక దిక్కు మెట్ల మీద పోయి కూసున్నది, బయట చేరినోళ్లు కూసునే కాడ. మోకాళ్లల్ల మొఖం పెట్టుకున్నది, భుజాలు కదులుతున్నయి. ఆశ కూలినందుకు ఏడుపొస్తున్నది. ఇంకో దిక్కు, చెప్పిన దినమే, చెప్పిన పొద్దుకే వచ్చెనే అని ఒళ్లు గగుర్పొడుస్తున్నది. రెండూ ఒక్కసారే. ఏడువాల్నా, దండం పెట్టాల్నా నాకు సమజ్ కాలే.

పోయి పక్కన కూసున్న. ముట్టుకున్న. ఏనాడూ చేయని పని గది. వీపు మీద చెయ్యేసి, "ఊకో బిడ్డా, దేవుడు ఈసారి చూడలే" అన్న.

తలెత్తింది. కండ్లల్ల నీళ్లున్నయి గని మొఖం ఏడ్చేటోళ్ల మొఖం గాదు. "బాధ లేదంటే అబద్ధమత్తమ్మా. కని గందుకే ఏడుస్తలేను" అన్నది. "ఎండిన చేను అన్నవు గదా నువ్వు. తలుపెనుక ఉండి ఇన్న. గప్పటిసంది నా లోపల ఏం లేదనే అనుకున్న. పోయిన రెండుసార్లు రాసుకున్నప్పుడు గూడ నమ్మకం రాలే, ఏదో కలిసొచ్చిందనుకున్న. ఇది మూడోసారి. చెప్పి మరీ చూసిన. ఉన్నదత్తమ్మా. లోపల ఉన్నది, పనిచేస్తున్నది."

వాడకట్టంత ఇనపడే నా గొంతు, గా మెట్ల మీద పిడికెడంత గూడ లేవలే. ఆమె రెండు చేతులు పట్టుకున్న. "నేను మూర్ఖురాలిని" అన్న. "గా మాట అన్న నోరు నాదే. చేను ఎండిందో పండేదో చూసే కండ్లు నాకు లేకుండె." ఆమె నా కొంగుతోనే కండ్లు తుడుచుకున్నది.

సాగర్ తలుపుల నిలవడి ఎప్పటిసంది ఇంటున్నడో. ఫ్లయిటుకు ఎనిమిది దినాలే ఉన్నది. సంచి సగం సదిరే ఉన్నది గోడ పక్కన. వచ్చి మెట్టు కింద నిలవడ్డడు. నాలుగేండ్ల కింద మస్కట్ పొమ్మన్నది నేనే, ఎప్పుడు రావాల్నో చెప్పింది నేనే, ఎన్ని దినాలు ఎవ్వరు ఎక్కడ పండాల్నో చెప్పింది గూడ నేనే. గందుకే వాడు అలవాటుగ నన్నే అడిగిండు.

"అవ్వా, వీసకు ఆరు నెలల దాక ఢోకా లేదు. ఫోర్‌మెన్‌కు చెప్తే జీతం లేకుండ రెండు నెలలు ఉండనిస్తడేమో. పోవాల్నా, ఉండాల్నా?"

ఉండమని చెప్పేటందుకు నోరు తెరిచిన. మల్ల మూసుకున్న.

"నన్నడుగుతవేందిరా" అన్న. "లోపలి లెక్క ఎరిగినామె గీడ కూసున్నది, గామెనడుగు."

వాడు ఆమె దిక్కు తిరిగిండు. ప్రవళిక జవాబు చెప్పేటందుకు తొందరపడలే. వేళ్ల మీద ఏదో ఎంచుకున్నది, మల్లొకసారి ఎంచుకున్నది. నేను, నా కొడుకు, అరుగు మీద అంతయ్య, ముగ్గురం ఆమె నోటి దిక్కే చూసుకుంట నిలవడ్డం.

"ఉండు" అన్నది.